ఆ టార్చి వెలుగును పేరుతో సహా అచ్చువేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఫ్యాషన్ పేజీ లేని వారం ఉండదు. చీర నేసిందెవరు, నగ చేసిందెవరు, మేకప్ వేసిందెవరు, అన్నీ కింద చిన్నక్షరాల్లో ఉంటాయి. ఫొటో తీసినవాళ్ల పేరు మాత్రం చాలాసార్లు కనబడదు. పేరు లేకపోతే ఎవరి పనితనం ఎలాంటిదో పాఠకులు పోల్చుకునే దారే ఉండదు. ఫ్యాషన్ ఫొటో అంటే బట్టల ప్రకటనే అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆ మాట తప్పు అని యాభై ఏళ్లుగా తన పనితో చూపిస్తున్న ఒకరి గురించి వివరంగా రాయాలనిపించింది. ఆయన పేరు పావొలో రోవెర్సీ, ఇటలీకి చెందిన ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్.

ఇన్‌స్టాగ్రామ్‌లో, పెళ్లి ఆల్బమ్‌లలో ఇప్పుడు "రోవెర్సీ లుక్" అని ఒకటి తిరుగుతోంది. మామూలుగా తీసిన ఫొటోకు కంప్యూటర్లో బ్లర్ వేసి, రంగు కాస్త వెలిసేలా చేసి, అంచులు నల్లబరిచి ఇస్తున్నారు. ఆయన పోర్ట్రెయిట్లలోని మెత్తదనం అలా వచ్చింది కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద వెలుగు ఎన్ని సెకన్లు నిలిచిందన్న లెక్కలోంచి వచ్చింది. ఈ ఉత్తరమంతా ఆ సెకన్ల గురించే.

రోవెర్సీ 1947లో ఇటలీలోని రవెన్నాలో పుట్టారు. ఆరో శతాబ్దపు మొజాయిక్‌లకు పేరుపడ్డ ఊరు అది. ఆ గోడల మీద బంగారు పూత ఉన్న గాజు ముక్కలను సమంగా పరచలేదు, ఒక్కోదాన్ని ఒక్కో వాలులో అతికించారు. చూసేవాళ్లు రెండడుగులు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది. ముఖం వెనక చీకట్లోంచి వెలుగు పుట్టుకొచ్చినట్టుండే ఆయన ఫొటోలు చూసినప్పుడు ఆ గోడలు గుర్తురాకుండా ఉండవు. 1964లో కుటుంబంతో స్పెయిన్ వెళ్లినప్పుడు ఫొటోల మీద మనసుపడింది. ఇంటికొచ్చి నేలమాళిగలో డార్క్‌రూమ్ పెట్టుకున్నారు. పని నేర్చుకున్నది ఊళ్లోని నెవియో నతాలి అనే పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ స్టూడియోలో. తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థకు ఫొటోలు తీశారు, 1972లో వెనిస్‌లో కవి ఎజ్రా పౌండ్ అంత్యక్రియలతో సహా. రవెన్నాలోనే స్నేహితుడితో కలిసి ఒక చిన్న పోర్ట్రెయిట్ స్టూడియో నడిపారు. అంటే మన జిల్లా కేంద్రాల్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లు ఎక్కడ మొదలుపెడతారో ఆయనా అక్కడే మొదలుపెట్టారు.

ఎల్ అనే ఫ్యాషన్ పత్రిక ఆర్ట్ డైరెక్టర్ పీటర్ నాప్ రమ్మంటే 1973 నవంబరులో పారిస్ వెళ్లారు. 1974లో లారెన్స్ సాక్‌మన్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ దగ్గర తొమ్మిది నెలలు అసిస్టెంటుగా ఉన్నారు. సాక్‌మన్ దగ్గర అసిస్టెంట్లు వారం కూడా నిలవరని పేరు. ట్రైపాడ్, కెమెరా గట్టిగా బిగిసి ఉండాలి, కన్నూ మనసూ వదులుగా ఉండాలి అన్నది ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమని రోవెర్సీ చెబుతుంటారు. 1980లో క్రిస్టియన్ డియోర్ సౌందర్య ఉత్పత్తుల ప్రచారం ఆయన్ని అందరికీ తెలిసేలా చేసింది. అదే ఏడాది చేతికొచ్చిన ఒక సరంజామా ఆయన శైలిని తేల్చేసింది. అదే ఎనిమిది బై పది పోలరాయిడ్, అంటే తీసిన కాసేపట్లోనే ఫొటో చేతికొచ్చే పెద్ద ఫిల్ము, దాని కెమెరా.

ఇది పాతవాళ్లు నల్లగుడ్డ కప్పుకుని తీసిన స్టాండు కెమెరా లాంటిదే. ఒక్కో ఫిల్ము ఎనిమిదంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవు. నెగెటివ్ షీటును హోల్డర్‌లో పెట్టి ఎక్స్‌పోజ్ చేస్తారు. తర్వాత దాన్ని పాజిటివ్ షీటుతో కలిపి మోటారు రోలర్ల మధ్య నుంచి పంపుతారు. ఆ నొక్కుడుకు రసాయనం సంచులు పగిలి రెండు షీట్ల మధ్య పలచగా పరుచుకుంటుంది. నిమిషం ఆగి చేత్తో విడదీస్తే ఫొటో సిద్ధం. ఒక్క కాపీయే, ఎన్‌లార్జ్‌మెంట్ లేదు. రోలర్ల మీద ఎండిన రసాయనం ఉంటే ఫొటోలో సమాన దూరాల్లో ఒకే మచ్చ పడుతూ పోతుంది. ముందే విడదీస్తే రంగు పలచబడుతుంది. ఆలస్యమైతే నీలం వైపు జరుగుతుంది. చలిగదిలో ఇంకాస్త సమయం ఇవ్వాలి. ఈ చంచలత్వాన్ని రోవెర్సీ లోపంగా తీసుకోలేదు. ఏ రోజు ఏ రంగు వస్తుందో పూర్తిగా చేతిలో ఉండని ఆ పద్ధతిని ఇష్టంగా వాడుకున్నారు.

ఇక్కడ లెక్క కాస్త చూడాలి. ఆ ఫిల్ము వేగం, అంటే వెలుగును పట్టుకునే చురుకుదనం, 80 ఐఎస్ఓ. తలా భుజాలు పదంగుళాల ఫిల్ములో నిండాలంటే 300 మిల్లీమీటర్ల లెన్సును బెల్లోస్ (కెమెరా ముందుండే ముడతల గొట్టం) చాచి దాదాపు 450 మిల్లీమీటర్ల దూరానికి జరపాలి. అంత దూరం జరిగేసరికి ఫిల్ము మీద పడే వెలుగు సగానికన్నా తగ్గుతుంది, ఎక్స్‌పోజర్‌ను రెండుంపావు రెట్లు పెంచాలి. కిటికీ పక్కన వెలుగు కొలిచే మీటరు అర సెకను చూపించిన చోట చివరికి అయ్యేది ఒక సెకనుకు పైనే. పైగా లెన్సు రంధ్రాన్ని ఎఫ్8కు తగ్గించినా ఫోకస్ లోతు రెండు సెంటీమీటర్లకు మించదు. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. మనిషి ఊపిరి పీలిస్తే ఆ కన్నూ జారుతుంది. రోవెర్సీ ఫొటోల్లో ఒక కన్ను స్ఫుటంగా ఉండి చెంప నుంచి జుట్టు దాకా పొగలా కరిగిపోవడానికి కారణం ఇదే. కంప్యూటర్ బ్లర్‌లో ముఖమంతా ఒకే మోతాదులో మసకబారుతుంది. లెన్సు బ్లర్ దూరాన్ని బట్టి మారుతుంది, కదలిక బ్లర్ ఒకే దిక్కుకు సాగుతుంది. ఈ మూడింటికీ తేడా పట్టుకోవాలంటే చెవి లోలాకు చూడాలి. అసలుదాంట్లో లోలాకు మీది మెరుపు చుక్క గుండ్రంగా ఉబ్బుతుంది, లేదా చిన్న గీతగా సాగుతుంది. ఫిల్టర్‌లో మెరుపే చచ్చిపోయి తెల్లని మరకవుతుంది.

1981 నుంచి ఆయన పారిస్ 14వ వార్డులో పాల్ ఫోర్ వీధిలోని స్టూడియోలోనే పనిచేస్తున్నారు. దాని పేరు స్టూడియో లూచె. ఇటాలియన్‌లో లూచె అంటే వెలుగు. చెక్క నేల, కిటికీ, వేలాడే పాత దుప్పటి, ఒక స్టూలు. ప్రపంచంలోని ఖరీదైన దుస్తుల్లో చాలా భాగం ఆ దుప్పటి ముందు నిలబడ్డాయి. ఫొటో అంటే ఉన్నవాటిలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పోవడమని ఆయన నమ్మకం. మేకప్ తగ్గుతుంది, సామాను తగ్గుతుంది, భంగిమ తగ్గుతుంది, చివరికి గదిలోని దీపాలు కూడా ఆరిపోతాయి. అప్పుడు చేతిలోకి టార్చి వస్తుంది. మాగ్‌లైట్ రకం, తల తిప్పితే వెలుగు సన్నబడే మామూలు టార్చి.

గది చీకటి చేసి షట్టర్ తెరిచి ఉంచుతారు. టార్చి వెలుగును ముఖం మీద, మెడ మీద, దుస్తుల మీద కుంచెలా నడిపించి షట్టర్ మూస్తారు. ఫ్లాష్‌తో తీసే పోర్ట్రెయిట్ సెకనులో చిన్న ముక్క. ఆ ముక్కలో మనిషి ఏ ముఖం పెట్టుకున్నా అది అచ్చయిపోతుంది. ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో కెమెరా కోసం పెట్టుకున్న నవ్వు నిలవదు. మూడో సెకనుకల్లా పెదవి చివర వణుకుతుంది, దవడ వదులవుతుంది, చూపు బయటి నుంచి లోపలికి మళ్లుతుంది. రోవెర్సీ పోర్ట్రెయిట్లలో మోడల్ మనవైపు చూస్తూనే ఏదో ఆలోచనలో ఉన్నట్టుండటానికి వెనక ఉన్నది ఈ కండరాల సంగతే. నటాలియా వొదియానొవా, గినెవీర్ వాన్ సీనస్, కర్‌స్టెన్ ఓవెన్ లాంటివాళ్లను ఆయన ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీశారు. ఒకే ముఖాన్ని అన్నిసార్లు తీయగలిగారంటే, ప్రతిసారీ ఆ ముఖం కొత్తగా కుదుటపడటానికి సమయం ఇచ్చారన్నమాట.

ఈ పద్ధతికి పాత పోలరాయిడ్ అక్కర్లేదు. 2008లో పోలరాయిడ్ కంపెనీ ఇన్‌స్టంట్ ఫిల్ము ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2012లో వేరేవాళ్లు ఎనిమిది బై పది ఫిల్మును మళ్లీ తెచ్చారు గానీ దాని రసాయనం వేరు, తీరు వేరు. రోవెర్సీ డిజిటల్‌కు మారారు, టార్చిని వదల్లేదు. అందుకే మన ఊళ్లలో స్టూడియో నడిపే కుర్రాళ్లు ఇప్పుడున్న కెమెరాతోనే ఇది చేయవచ్చు. మీ పాఠకుల్లో అలాంటివాళ్లు వేలల్లో ఉంటారు కనుక పద్ధతి కూడా రాస్తున్నాం.

ముందు గది. దీపాలార్పి, టార్చి వెలిగించకుండా ఎనిమిది సెకన్ల ఫొటో ఒకటి తీయాలి. ఐఎస్ఓ 100, ఎఫ్8. అది పూర్తిగా నల్లగా రావాలి. తలుపు సందులోంచి, ఏసీ మీటలోంచి, ఫోను చార్జర్ లైటులోంచి వచ్చే వెలుగు ఎనిమిది సెకన్లలో పోగుపడి ముఖం పక్కన బూడిదరంగు పొరలా దిగుతుంది. కూర్చునేవాళ్లకు వీపు ఆనే కుర్చీ ఇవ్వాలి, తల వెనక గోడ తగిలితే ఇంకా మంచిది. పాత స్టూడియోల్లో మెడ వెనక ఇనుప ఊత పెట్టేవారు, దాని అవసరం ఈ రోజుకీ తీరలేదు. దీపం వెలుగులోనే దగ్గరి కంటి మీద ఫోకస్ చేసి లెన్సును మాన్యువల్‌కు మార్చేయాలి. ఇది మరిచిపోతే చీకట్లో లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ తిరుగుతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) కూడా ఆపాలి, లేకపోతే కదలని కెమెరాలో అదే కదలిక తెస్తుంది. వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకూడదు. బల్బు టార్చికి 3200 కెల్విన్ దగ్గర కట్టేసి, ఫైలును రా (RAW) రకంలో తీసుకోవాలి.

ఇక వెలుగు. ఫొటోగ్రాఫర్ నల్ల చొక్కా వేసుకోవాలి, తెల్ల చొక్కా వెలుగును తిరిగి ముఖం మీదికి కొడుతుంది. టార్చి కెమెరా పక్క నుంచి కాక, నలభైఅయిదు డిగ్రీలు పక్కకు, కంటికన్నా కాస్త ఎత్తులో ఉండాలి. కెమెరా వైపు నుంచే వేస్తే ముక్కు, చెంప ఒకే మట్టంగా పాస్‌పోర్టు ఫొటోలా వస్తాయి. ముఖానికి మీటరు దూరం నుంచి మూడు సెకన్లు, జుట్టుకీ భుజానికీ ఒకటి, దుస్తులకు మూడు, చివరి సెకను ఖాళీ. చేయి ఎక్కడా ఆగకూడదు. చిన్న సున్నాలు చుడుతున్నట్టు నడవాలి. ఆగిన చోట నుదుటి మీద తెల్ల మచ్చ పడుతుంది, దాన్ని తర్వాత తీయలేరు. దూరం సంగతి చాలామంది పట్టించుకోరు. మీటరు నుంచి అర మీటరుకు వస్తే వెలుగు నాలుగు రెట్లవుతుంది, మూడు సెకన్ల పని ముప్పావు సెకనులో అయిపోతుంది. అందుకే ఒక ఫొటోలో ముఖం పాలిపోయి, ఇంకోదాంట్లో చీకట్లో కలిసిపోతుంటుంది. టార్చి మొన పొరపాటున లెన్సు వైపు తిరిగితే గీత పడుతుంది, దానికి నల్ల కాగితంతో రెండంగుళాల గొట్టం చేసి మూతికి చుడితే సరిపోతుంది.

కూర్చున్నవాళ్లకు ఊపిరి బిగపట్టమని చెప్పకూడదు. బిగపడితే నాలుగో సెకనుకు భుజాలు లేస్తాయి. సగం ఊపిరి వదిలాక షట్టర్ తెరవాలి. రెప్పలు వేయవచ్చు. కాకపోతే వెలుగు ముఖం మీద ఉన్నప్పుడు వేస్తే కనుపాప మీద రెప్ప రంగు పొర దిగుతుంది. "ఇప్పుడు బట్టల మీదికి వెళ్తున్నా" అని మెల్లగా చెబితే వాళ్లు అప్పుడు వేస్తారు. పది ఫొటోలు తీస్తే రెండు నిలుస్తాయి, అది చాలు.

మన చామనఛాయ ముఖాలకు ఒక జాగ్రత్త. చవక ఎల్ఈడీ టార్చిలో ఎరుపు తక్కువ, నీలం ఎక్కువ. దానికింద మన చర్మం బూడిద పూసినట్టు కనబడుతుంది. అప్పుడు ఎడిటింగులో తెల్లబరచడం మొదలవుతుంది, మనిషి మనిషి కాకుండా పోతుంది. పాత బల్బు టార్చి గానీ, వెచ్చని రంగు ఎల్ఈడీ గానీ వాడాలి. ముఖానికి మూడు సెకన్ల బదులు నాలుగో అయిదో ఇచ్చి, వెనక దుప్పటి మీద వెలుగు పడకుండా చూసుకుంటే నల్లని చర్మంలో ఉండే నీలి, రాగి ఛాయలన్నీ వాటంతటవే బయటికొస్తాయి. పట్టుచీరకు ఇంకో ఇబ్బంది. జరీ వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది, అర సెకనుకే తెల్లబడిపోతుంది. బార్డరు మీదికి టార్చి ఎదురుగా పోకూడదు. నేల మట్టం నుంచి ఏటవాలుగా ఒక్కసారి రాసినట్టు పోవాలి.

ఈ ఏటవాలు వెలుగు విలువ తెలియాలంటే 1980ల నుంచి ఆయన జపాన్ ఫ్యాషన్ సంస్థ కోమ్ దె గార్సోన్, డిజైనర్ యోజి యమమోటో దుస్తులకు తీసిన ఫొటోలు చూడాలి. ఆ జపాన్ డిజైనర్ల బట్టలు చాలావరకు నలుపు. నల్లని బట్టను ఎదురుగా వెలిగిస్తే ఒక నల్ల మచ్చే మిగులుతుంది. పక్క నుంచి ఒరుసుకుంటూ వెలుగు పోతే ఒక్కో మడతకు ఒక అంచు మెరుస్తుంది, గుడ్డ బరువు తెలుస్తుంది. బొత్తాములు, కుట్లు లెక్కపెట్టుకోవాలనుకునే కేటలాగు కొనుగోలుదారుకు ఈ శైలి పనికిరాదన్నది నిజమే. అలాంటి పనికి వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్సులు రెండు పెట్టి తీయడమే న్యాయం. బట్ట వేసుకున్న మనిషి ఎలా నిలబడిందో చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం రోవెర్సీకి సాటి రాగల సమకాలికులు చాలా తక్కువన్నది మా అభిప్రాయం.

ఫ్యాషన్ బయట ఆయన పేరు బాగా వినబడింది 2022 జనవరిలో. బ్రిటన్ యువరాజు విలియం భార్య, అప్పటి కేంబ్రిడ్జ్ డచెస్ కేథరిన్ నలభయ్యో పుట్టినరోజుకు విడుదలైన మూడు పోర్ట్రెయిట్లు ఆయన తీసినవే. 2021 నవంబరులో లండన్ క్యూ గార్డెన్స్‌లో తీశారు, ఇప్పుడవి అక్కడి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ సేకరణలో ఉన్నాయి. రెండు నలుపు తెలుపులో, ఒకటి రంగులో. రంగుదాంట్లో ఒంటి భుజం ఎర్ర గౌను, రెండు చేతులూ జేబుల్లో. రాచకుటుంబపు ఫొటోలో మెడల్ లేదు, సింహాసనం లేదు, తివాచీ లేదు. జేబులోని చేతుల వల్ల భుజాలు కాస్త వెనక్కి వెళ్లి, బరువు దిగినట్టు నిలబడ్డారు. చూపంతా ముఖం మీదికే పోతుంది. టైర్ల కంపెనీ పిరెల్లి వేసే 2020 క్యాలెండర్‌కు షేక్‌స్పియర్ జూలియట్‌ను వెతుకుతున్నట్టుగా పారిస్‌లో, వెరోనాలో తీసినప్పుడూ తొమ్మిది మంది జూలియట్లలో ఎమ్మా వాట్సన్ లాంటి తారల పక్కన తన కూతురు స్టెల్లాను కూడా కూర్చోబెట్టారు. 2024లో పారిస్ ఫ్యాషన్ మ్యూజియం పలే గలియెరాలో మార్చి నుంచి జూలై దాకా ఆయన యాభై ఏళ్ల పని ప్రదర్శనగా పెట్టారు.

సంపాదకులకు మా విన్నపం రెండు ముక్కల్లో. ఫ్యాషన్ పేజీలో, సినిమా పేజీలో వేసే ప్రతి పోర్ట్రెయిట్ కింద ఫొటోగ్రాఫర్ పేరు వేయండి. నెలకు ఒక్కసారైనా ఒకే పోర్ట్రెయిట్‌ను అర పేజీకి పెంచి, దాన్ని ఎలా తీశారో నాలుగు వాక్యాలు రాయించండి. మన రెండు రాష్ట్రాల్లో అలా రాయదగ్గ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు.

అలాంటి చీకటి ఎక్కువున్న ఫొటో అచ్చుకు పంపేటప్పుడు మీ పేజీల విభాగంవారికి ఒక మాట చెప్పండి. న్యూస్‌ప్రింట్ సిరాను పీలుస్తుంది, ఛాయ కోసం వేసే 50 శాతం సిరా చుక్క కాగితం మీదికి వచ్చేసరికి 75 దాకా ఉబ్బుతుంది. కంప్యూటర్ తెర మీద అందంగా ఉన్న నీడ పొద్దున పేపర్లో మసి అవుతుంది. మధ్య ఛాయలను ముందే పైకెత్తి, నాలుగు రంగుల సిరా మొత్తం 240 శాతం దాటకుండా చూసి, కంటి దగ్గరి మెరుపును మాత్రం ముట్టుకోకుండా వదిలేయమనండి.

ఇట్లు,
పోర్ట్రెయిట్ స్టూడియో ఫొటోగ్రాఫర్లు,
విజయవాడ